తుపాను తరువాతి ఊళ్లో కరెంటు ఉచ్చులు: ఆటలో ఎంత నిజం ఉండాలి?

ప్రశ్న: ఉద్దానం_తోట (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నేనూ, నాతో చదువుకున్న ఇద్దరు మిత్రులూ కలిసి శ్రీకాకుళంలో ఒక చిన్న వీడియో గేమ్ తయారు చేస్తున్నాం. కథ జరిగే చోటు ఉద్దానంలోని ఒక కల్పిత గ్రామం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను తరువాత మా ప్రాంతం ఎలా ఉండేదో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. కూలిన కొబ్బరిచెట్లు, వేళ్లతో లేచిపోయిన జీడిచెట్లు, వాటి కింద విరిగిన స్తంభాలు, రోడ్డు మీదా నీళ్లలోనూ పడి ఉన్న తీగలు. ఆ మరునాటి ఉదయం ఒక అమ్మాయి ఊరి ఈ చివర నుంచి ఆ చివర ఉన్న మంచినీటి పంపు గది వరకు వెళ్లి, అక్కడ చిక్కుకున్న తన తాతయ్యను తీసుకురావాలి. ఆటంతా అంతే. ఇందులో తుపాకులు లేవు, శత్రువులు లేరు. దారిలో ఉన్న ప్రమాదాలన్నీ నీటివీ, చెట్లవీ, కరెంటువీ.

మా ముగ్గురి మధ్య తెగని వాదం ఈ కరెంటు ఉచ్చుల గురించే. ప్రస్తుతం మూడు చోట్ల పెట్టాం. మోకాలి లోతు నీళ్లు నిలిచిన వీధిలో తెగిపడిన తీగ ఒకటి, జీడిపప్పు ఫ్యాక్టరీ దగ్గర కరెంటు పాస్ అవుతున్న ఇనుప గేటు ఒకటి, అడవి పందుల కోసం తోట చుట్టూ కట్టిన తీగ ఒకటి.

ఒక మిత్రుడు కరెంటును ఉన్నది ఉన్నట్టుగా చూపాలంటాడు. తీగ మెరవదు, చప్పుడు చేయదు, తాకితే ఆట ముగుస్తుంది. ఇంకొకరు అది ఆట కాదు, శిక్ష అంటారు. ఆయన నీలిరంగు మెరుపులు, చిటపటలు, రెండు సెకన్లు ఆగి రెండు సెకన్లు వచ్చే కరెంటు, తాకితే ప్రాణంలో పావు వంతు తగ్గి వెనక్కి ఎగిరిపడే అమ్మాయి ఉన్న రూపాన్ని తయారు చేశారు. రెండు రూపాలనూ తెలిసినవారి చేత ఆడించి చూశాం. మొదటిది ఆడినవారు ఎందుకు చనిపోయారో తెలియక విసిగి ఫోను పక్కన పెట్టేశారు. రెండోది సాఫీగా సాగింది గానీ, కవిటి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం కాసేపు ఆడి, "తుపానప్పుడు కరెంటు ఇలా ఉండదు నాయనా, ఇది చూసి పిల్లలు తీగ మెరవలేదు కదా అని పట్టుకుంటారు" అన్నారు. ఆ మాట మమ్మల్ని ఆపేసింది.

అందువల్ల నా ప్రశ్న ఇది. కరెంటు ఉచ్చు రూపకల్పనలో ఎక్కడ నిజాన్ని వదులుకోవచ్చు, ఎక్కడ ఎట్టి పరిస్థితిలోనూ వదులుకోకూడదు? ఆటలు తయారు చేసేవారు, విద్యుత్ పని తెలిసినవారు, ఇద్దరి అభిప్రాయాలూ కావాలి.

జవాబు: కోట_గుమ్మం (విజయనగరం)

నేను కొన్నేళ్లుగా గేమ్ లెవెళ్ల రూపకల్పన చేస్తున్నాను. మీ మిత్రులిద్దరూ చెప్తున్నవి రెండు వేర్వేరు విషయాలు. వాటిని ఒకే వాదంగా కలిపేసినంత కాలం తేలదు.

ఉచ్చు ఏదైనా ఆటగాడికి రెండు హక్కులు ఉంటాయి. తాకే ముందు అది ప్రమాదమని ఊహించగలిగే అవకాశం ఒకటి, తాకిన తరువాత ఎందుకు అలా జరిగిందో అర్థమయ్యే అవకాశం రెండోది. మీ మొదటి రూపంలో ఈ రెండూ లేవు కాబట్టే జనం వదిలేశారు. కరెంటుకు రంగు, రుచి, వాసన లేకపోవడం ప్రకృతి నియమమే కావచ్చు. అయితే అసలు మనిషికి ఆ వీధిలో చెవులున్నాయి, చర్మం ఉంది, ఊరి గురించి ఏళ్ల తరబడి తెలిసిన సంగతులున్నాయి. ఆరు అంగుళాల తెర ముందు కూర్చున్న ఆటగాడికి వాటిలో ఏవీ లేవు. ఆ లోటును పూడ్చడానికి మనం అదనంగా ఇచ్చే మెరుపూ చప్పుడూ అబద్ధాలు కావు, లేని ఇంద్రియాలకు బదులు.

అందుచేత నేను పాటించే పద్ధతి ఏమిటంటే, కారణాన్ని నిజంగా ఉంచి సంకేతాన్ని కల్పించుకోవడం. కరెంటుకు ఒక మూలం ఉండాలి, అక్కడి నుంచి ఒక దారి ఉండాలి, ఆ దారి ఆటగాడి శరీరం గుండా భూమికి చేరాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెగినా ఉచ్చు చచ్చిపోవాలి. ఈ నియమం ఆట మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం వరకు ఎక్కడా మారకూడదు. ఒక చోట ఫ్యూజు తీస్తే తీగ ఆరిపోయి, ఇంకో చోట అదే ఫ్యూజు తీసినా గేటు కొడుతూనే ఉంటే ఆటగాడు ఆలోచించడం మానేస్తాడు.

పెద్ద ఆటల్లో దీనికి మంచి ఉదాహరణలున్నాయి. 2017లో నింటెండో విడుదల చేసిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' లో ఉరుముల వానలో ఇనుప కత్తి, ఇనుప డాలు ధరించి తిరిగితే పిడుగు పడుతుంది. అయితే పడే ముందు ఆ లోహం మీద మెరుపు రవ్వలు క్రమంగా పెరుగుతూ కనిపిస్తాయి, ఆయుధం తీసేయడానికి ఆటగాడికి వ్యవధి దొరుకుతుంది. నిజమైన పిడుగు అంత మర్యాదగా కబురు పెట్టి రాదు. అయినా అందులోని కారణం అర్థమవుతుంది కాబట్టి, కొందరు ఆటగాళ్లు ఆ ఇనుప ఆయుధాన్ని శత్రువుల మధ్యకు విసిరి పిడుగును వాళ్ల మీదకు రప్పించడం కూడా తమంతట తామే నేర్చుకున్నారు. 2007 నాటి 'బయోషాక్' లో నీళ్లలో నిలబడ్డ శత్రువుల మీదకు విద్యుత్తు ప్రయోగిస్తే ఆ నీటిలో ఉన్నవారందరికీ షాక్ కొడుతుంది. నీటి లోతు, లవణాలు, దూరం లాంటి లెక్కలేవీ లేవు. నీరూ కరెంటూ కలిస్తే ప్రమాదమన్న ఒక్క సంగతిని పట్టుకుని దాన్ని ఆటగాడి చేతికి పనిముట్టుగా ఇచ్చారు.

ఇక రెండు సెకన్లకోసారి ఆగే కరెంటు గురించి. దీన్ని అందరూ వాడటానికి కారణం అది ఆటగాడి చేతి నైపుణ్యానికి పని పెడుతుంది. వెనక్కి ఎగిరిపడటం కూడా అలంకారం కోసం కాదు. అలా నెట్టకపోతే పాత్ర ఉచ్చు మీదే నిలిచిపోయి, ఒక్క పొరపాటుకు పదిసార్లు దెబ్బ తింటుంది. మీ కథకు ఈ లయ నప్పదని నాకూ అనిపిస్తోంది. గుర్తుపట్టే అవకాశం అలాగే ఉంచి లయను తీసేయండి, ఆట దెబ్బతినదు.

జవాబు: ఏబీ_స్విచ్ (టెక్కలి వైపు)

బాబూ, నేను విద్యుత్ లైన్ల మీద పని చేసి విరమించిన వాడిని. 2014లో హుద్‌హుద్ తరువాత, 2018లో తిత్లీ తరువాత లైన్లు నిలబెట్టే పనిలో ఉన్నాను. పై సోదరులు రాసిన వాటిలో చాలా భాగం సబబే గానీ, "కారణం నిజం, సంకేతం కల్పితం" అన్న సూత్రాన్ని నేను ఒప్పుకోలేను. కరెంటు విషయంలో మనుషుల ప్రాణాలు పోయేది సరిగ్గా ఆ సంకేతం దగ్గరే. తీగ నుంచి పొగ రావడం లేదు, మెరవడం లేదు, చప్పుడు లేదు, కాబట్టి సరఫరా లేదు అనుకుని చేత్తో తీసి పక్కన పడేయబోయి పోయినవారు ఉన్నారు. కవిటి పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం.

గాలిలో కరెంటు దూకడం గురించి ఆటల్లో చూపేది మరీ దూరం. గాలి తన నిరోధాన్ని కోల్పోవడానికి మిల్లీమీటరుకు సుమారు 3,000 వోల్టులు కావాలి. మన ఊళ్ల మీదుగా పోయే 11 కె.వి. (11,000 వోల్టుల) తీగ నుంచి భూమికి కరెంటు తనంతట తానుగా దూకాలంటే ఆ మధ్య దూరం ఒక సెంటీమీటరు లోపే ఉండాలి. అంటే మీటరు దూరంలో నీలిమెరుపులు ఆడే తీగ మన పల్లెల్లో ఉండదు. ఇళ్లకు వచ్చే 230 వోల్టుల తీగ సంగతి చెప్పనే అక్కరలేదు, అది తడి నేల మీద పడి చడీచప్పుడు లేకుండా ఉంటుంది. అలాగని హెచ్.టి. (ఎక్కువ వోల్టేజి, అంటే ఈ 11 కె.వి. లాంటి) తీగకు సెంటీమీటరు ఎడంగా ఉంటే చాలని ఎవరూ అనుకోకూడదు, గాలికి తీగ ఊగుతుంది, చేతిలోని తడి కర్ర కూడా దారి ఇస్తుంది.

అయితే నిజమైన సంకేతాలు లేవా అంటే ఉన్నాయి. అవి తీగ మీద ఉండవు, చుట్టూ ఉంటాయి. మేము చీకట్లో లైను వెంట నడిచేటప్పుడు వాటినే చూస్తాం. తెగిన తీగ రెండో కొస ఏ స్తంభం మీద ఉంది, ఆ స్తంభం ఏ ట్రాన్స్‌ఫార్మరు వైపుది. ఆ ట్రాన్స్‌ఫార్మరు గుంయ్‌మంటోందా లేక ఊరకుందా. అదే లైను మీద ఉన్న పక్క వీధిలో ఒక్క బల్బయినా వెలుగుతోందా. నీళ్లలో చచ్చిన చేపలో, కప్పలో తేలుతున్నాయా. తీగకు కాస్త దూరంలో గేదె గానీ ఆవు గానీ పడి ఉందా. పశువు పడి ఉన్న చోట మేము అడుగు ముందుకు వేయం. పశువుకు ముందు కాళ్లకూ వెనుక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, కరెంటు దారిలో గుండె ఉంటుంది, అందుకే మనిషి కంటే ముందు అది పోతుంది. మీ ఆటలో మెరుపులకు బదులు వీటిని పెట్టండి. ఆడేవారు ఒకటి రెండు చోట్ల నేర్చుకున్నాక మూడో చోట మీరు ఏమీ చెప్పకుండానే తల ఎత్తి స్తంభం వైపు చూస్తారు.

తీగ తెగి పడితే సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడిపోతుందనీ, కరెంటు దానంతట అదే ఆగుతుందనీ చాలామంది నమ్ముతారు. నేల తడిగా ఉండి కరెంటు బాగా పారితే పడుతుంది. మన ఉద్దానం తీరపు ఎండు ఇసుక మీద పడితే పారే కరెంటు చాలా తక్కువ, బ్రేకరుకు అది మామూలు లోడు లాగే కనిపిస్తుంది, తీగ అలాగే బతికి ఉంటుంది. ఇంకొక సంగతి. బ్రేకరు పడ్డ తరువాత లోపం తాత్కాలికమేమో చూడటానికి ఫీడరుకు, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైనుకు, మళ్లీ ఒకసారి కరెంటు ఇచ్చి చూడటం ఉంటుంది. అప్పటి దాకా చచ్చిన తీగ ఆ క్షణంలో బతుకుతుంది. ఊళ్లో ఎవరైనా జనరేటరు పెట్టి, మెయిను స్విచ్ తీయకుండా ఇంటి వైరింగుకు కలిపితే, ఆ కరెంటు వెనుక నుంచి లైనులోకి ఎక్కి ట్రాన్స్‌ఫార్మరు గుండా 11 కె.వి. వైపు కూడా వెళ్తుంది. రెండు సెకన్లకోసారి ఆగే కరెంటును మీరు కల్పించుకోవలసిన పని లేదు. ఆగిపోయిందనుకున్న కరెంటు తిరిగి రావడమన్నది నిజంలోనే ఉంది. దూరంగా జనరేటరు మొదలైన చప్పుడు వినిపించగానే మీ అమ్మాయి వెనక్కి రావాలి. అంతకంటే మంచి ఉచ్చు నాకు తోచదు.

చివరగా, ఆటగాడి చేతికి ఏం పని ఇవ్వాలన్నది. మేము లైను మీద చేయి వేసే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్.సి. (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుంటాం, ఏబీ స్విచ్ (స్తంభం మీద ఉండి లైనును విడదీసే స్విచ్) దించుతాం, దించిన తరువాత మూడు బ్లేడులూ పూర్తిగా విడివడ్డాయో లేదో తల ఎత్తి కళ్లతో చూస్తాం. హ్యాండిల్ కిందికి వచ్చినంత మాత్రాన మూడూ తెరుచుకున్నట్టు కాదు, ఒక్కోసారి ఒక బ్లేడు తుప్పుతో పట్టేసి ఉండిపోతుంది. ఆ తరువాత తీగకు రెండు వైపులా ఎర్తింగ్ వేస్తాం. మీ కథానాయిక లైన్‌మన్ కాదు, ఆమె స్విచ్ ముట్టుకోకూడదు. అయితే లైన్‌మన్ పాత్ర ఒకటి పెట్టి, ఆయన హ్యాండిల్ దించినప్పుడు బ్లేడులు చూసి చెప్పే పని ఆమెకు ఇవ్వవచ్చు. రెండు విడివడి ఒకటి పట్టేసిన బొమ్మ గీయండి. చూసి చెప్పినవారు బతికిస్తారు.

ఉద్దానం_తోట

బాబాయి గారూ, మీరు రాసింది ముగ్గురం కలిసి చదివాం. బ్లేడులు చూసి చెప్పే ఘట్టం తప్పకుండా పెడతాం. పశువు గురించి చెప్పినప్పుడు నేలలో కరెంటు వ్యాపించడం గురించి సూచించారు. తీగను తాకకుండానే, దగ్గరగా నడిచినందుకే షాక్ కొట్టడం ఆటలో ఎలా పెట్టాలి? ఎంత దూరం వరకు ప్రమాదం చూపాలి? గుండ్రటి ఎర్ర వలయం గీసి లోపలికి వస్తే చావు అనడం మాకు నచ్చలేదు. నీళ్ల వీధిలో కూడా ఇదే ఇబ్బంది. నీళ్లంతా ఒకేలా కొట్టాలా, తీగకు దగ్గరగా ఎక్కువ కొట్టాలా?

జవాబు: సువర్ణముఖి_ఒడ్డు (రాజాం)

నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. మీ రెండో ప్రశ్నలోనే ఆటకు పనికివచ్చే అసలైన సరుకు ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

తీగ నేలను తాకిన చోటు నుంచి కరెంటు అన్ని వైపులకూ వ్యాపిస్తుంది. దూరం పెరిగే కొద్దీ నేల వోల్టేజి తగ్గుతుంది. స్థూలంగా దూరం రెట్టింపయితే వోల్టేజి సగమవుతుంది. నేల నిరోధకత 100 ఓమ్-మీటర్లు, భూమిలోకి పారే కరెంటు 20 ఆంపియర్లు అనుకుందాం. తీగకు ఒక మీటరు దూరంలో నేల మీద దాదాపు 318 వోల్టులు, రెండు మీటర్ల దగ్గర 159, మూడు మీటర్ల దగ్గర 106, పది మీటర్ల దగ్గర 32, పదకొండు మీటర్ల దగ్గర 29. మనిషికి షాక్ కొట్టేది తన రెండు పాదాల కింద ఉన్న వోల్టేజిల మధ్య తేడా వల్ల. పది మీటర్ల దూరంలో మీటరు పొడవు అంగ వేస్తే ఆ తేడా మూడు వోల్టులు, ఏమీ తెలియదు. రెండు మీటర్ల దగ్గర అదే అంగ వేస్తే 53 వోల్టులు. ఒక మీటరు దగ్గర వేస్తే 159. అదే ఒక మీటరు దగ్గర, పాదాలను నేలకు ఆనించి జానెడు జానెడు జరిపితే, అంటే 20 సెంటీమీటర్ల చొప్పున కదిలితే, తేడా 53కు తగ్గుతుంది. రెండు పాదాలనూ పూర్తిగా జోడించి నిలబడితే దాదాపు సున్నా. కాళ్ల గుండా పోయే కరెంటు నేరుగా గుండెను తాకకపోయినా, కండరాలు పట్టు తప్పి మనిషి పడిపోతాడు. పడి చేతులు నేలకు ఆనించగానే దారి ఛాతీ మీదుగా మారుతుంది. పరుగెత్తినవాడు పోయేది అందుకే.

ఆట దృష్టితో చూడండి. మీకు ఎర్ర వలయం అక్కర్లేదు, ఆటగాడి అంగ పొడవే కొలమానం. పరుగు, నడక, పాదాలు ఈడ్చడం అని మూడు కదలికలు ఇవ్వండి. దూరాన్నీ అంగ పొడవునూ బట్టి షాక్ తీవ్రత లెక్క కట్టండి, ఈ లెక్క ఒకే ఒక సూత్రంతో అయిపోతుంది. ఫోను కంపించడం ద్వారా కాళ్లలో జివ్వుమనడం తెలియజేయండి. అది కల్పిత సంకేతం కూడా కాదు, నిజంగానే మనిషికి ముందు తెలిసేది కాళ్లలో జివ్వుమనడమే. ప్రమాదం నుంచి పారిపోవాలన్న సహజమైన తొందర ఇక్కడ మనిషిని చంపుతుంది, నిదానం బతికిస్తుంది. మామూలుగా ఆటలన్నీ వేగాన్ని మెచ్చుకుంటాయి, మీ ఆట నిదానాన్ని మెచ్చుకుంటుంది.

నీళ్ల విషయం ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. నీళ్లంతా ఒకేలా కొట్టదు, తీగకు దగ్గరగా ఎక్కువ, దూరంగా తక్కువ. చెరువు నీరు, వాన నీరు మనిషి శరీరం కంటే కరెంటును తక్కువగా పోనిస్తాయి కాబట్టి, అలాంటి నీళ్లలో దిగిన మనిషి కరెంటుకు నీటి కంటే సులువైన దారి అవుతాడు. సముద్రపు నీరు శరీరం కంటే ఎన్నో రెట్లు బాగా పోనిస్తుంది, అందులో కరెంటు మనిషి చుట్టూ తప్పుకుని పోయే అవకాశం ఎక్కువ. శాస్త్రంగా ఇది నిజమే అయినా, దయచేసి దీన్ని ఆటలో పెట్టకండి. ఉప్పునీళ్లలో కరెంటు కొట్టదన్న భావన ఒక్క పిల్లవాడి మనసులో మిగిలినా మనం చేసిన పని తప్పవుతుంది. నిజాన్ని వదులుకోవలసిన చోటు ఎక్కడ అని మీరు అడిగారు, అది ఇదే.

తోట చుట్టూ తీగ గురించి ఎవరూ రాయలేదు. చట్టబద్ధమైన సోలారు కంచెలో వోల్టేజి వేలల్లో ఉంటుంది గానీ అది నిరంతరం ఉండదు. సుమారు సెకనుకు ఒక్కసారి, అతి కొద్ది క్షణం పాటు మాత్రమే ఒక దెబ్బ వస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక్కో దెబ్బ పది మిల్లీసెకన్లకు మించకూడదు, దాని శక్తి 5 జౌళ్లకు మించకూడదు. గుండె లయ చెడటానికి కరెంటు ఎంత అన్నదే కాక ఎంతసేపు అన్నది కూడా ముఖ్యం కాబట్టి, ఈ దెబ్బ నొప్పి పుట్టించి తరుముతుందే గానీ చంపదు. మీ మిత్రుడికి కావలసిన ఆగి ఆగి వచ్చే కరెంటు ఇక్కడ అచ్చంగా నిజం. టిక్కు టిక్కుమనే చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. వెనక్కి ఉలిక్కిపడి తగ్గడం, కొంచెం ప్రాణం తగ్గడం, ఇవన్నీ ఈ కంచె దగ్గర పెట్టండి, ఎవరూ తప్పుపట్టరు.

అడవి పందుల కోసమని ఇంటి లైను నుంచి గానీ, ఎల్.టి. (ఇళ్లకు వచ్చే తక్కువ వోల్టేజి) లైనుకు కొక్కెం వేసి గానీ నేరుగా కట్టే తీగ పూర్తిగా వేరు. అందులో లయ లేదు. 230 వోల్టులు నిరంతరం ఉంటాయి. తడి చేతుల మనిషి నిరోధం వెయ్యి ఓములు అనుకున్నా పారేది 230 మిల్లీఆంపియర్లు. పది మిల్లీఆంపియర్ల దగ్గరే చేతి కండరాలు బిగుసుకుని తీగను వదల్లేడు. ఇళ్లలో ప్రాణరక్షణకు పెట్టే ఆర్.సి.సి.బి. 30 దగ్గరే సరఫరా తెంపేసేలా తయారవుతుంది. అలాంటి తీగ పెట్టడం నేరం, మన జిల్లాల్లో దానివల్ల మనుషులూ పశువులూ పోతూనే ఉన్నారు. అడవి జంతువులకు కరెంటు ఎంత దగ్గరలో ఉందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు: 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో పొలాల్లోకి వచ్చిన నాలుగు ఏనుగులు విద్యుదాఘాతంతో చనిపోయాయి. మీ ఆటలో రెండు కంచెలనూ పక్కపక్కన చూపండి. ఒకదానికి సోలారు పలక, కంచెకు ఆ దెబ్బలు పంపే ఎనర్జైజరు పెట్టె, పసుపు హెచ్చరిక బోర్డు, టిక్కుమనే చప్పుడు. రెండోదానికి కర్రలకు కట్టిన బోడి తీగ, పైన లైనుకు వేసిన కొక్కెం, నిశ్శబ్దం. ఈ తేడా గుర్తుపట్టడమే ఆ లెవెల్‌కు అసలు పరీక్ష కావాలి.

కోట_గుమ్మం

ఏబీ_స్విచ్ గారూ, మీ వాదన నన్ను కదిలించింది. తీగ మీద మెరుపు పెట్టడం గురించి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఈ కథకు అది వద్దు. అయినా ఒక్క విషయంలో పట్టు వదలను. సంకేతాలన్నీ ఊరిలో పరచి ఉంచినప్పుడు, చిన్న తెర మీద వాటిని గమనించేలా చేసే బాధ్యత మనదే. పక్క వీధిలో వెలిగే బల్బు నిజంలో చిన్నదే అయినా, ఆటలో మిగతా రంగులను మసకబార్చి దాన్ని కాస్త పెద్దగా, వెచ్చటి పసుపుతో చూపాలి. ట్రాన్స్‌ఫార్మరు హమ్ నిజంలో 100 హెర్ట్జుల లోతైన శబ్దం, చవక ఫోను స్పీకర్లలో అది దాదాపు వినిపించదు. దాని పై స్వరాలను పెంచి వినిపించాలి. సంకేతం నిజమైనదే, దాన్ని పెద్దది చేసి చూపడమొక్కటే కల్పన. ఈ హద్దులో నేను మీతో పూర్తిగా ఏకీభవిస్తాను.

కోడు గురించి ఒక సూచన. నీళ్ల గడులు, లోహపు వస్తువులు, మనుషులు, నేల అన్నింటినీ ఒకే జాలంలో బిందువులుగా పెట్టుకుని, మూలం నుంచి ఏవి కలిసి ఉన్నాయో ప్రతి మార్పుకూ ఒకసారి వెతికితే చాలు. ప్రతి ఫ్రేముకూ, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, లెక్క కట్టనక్కరలేదు, చవక ఫోన్లలోనూ నడుస్తుంది. గేటుకు, తీగకు, నీటికి విడివిడిగా ఉచ్చులు రాయవద్దు. జనరేటరు మొదలైతే అదొక కొత్త మూలం, అంతే. వెనుక నుంచి ఎక్కే కరెంటు ఘట్టం మీరు ప్రత్యేకంగా రాయకుండానే వస్తుంది.

చావు గురించి. 230 వోల్టుల తీగ తాకితే ప్రాణంలో పావు వంతు తగ్గడం తీసేయండి, అది అసలైన అబద్ధం. తాకితే ఆట ఆగాలి. కానీ తిరిగి మొదలయ్యే చోటు పది అడుగుల వెనక్కే ఉండాలి, ఆలస్యం ఒక్క సెకను కూడా ఉండకూడదు, తిరిగి మొదలయ్యే ముందు కెమెరా ఆ తీగ వెంట పైకి వెళ్లి ఏ స్తంభం నుంచి వచ్చిందో చూపాలి. మీ మొదటి రూపం ఆడినవారిని విసిగించింది చావు కాదు, కారణం తెలియకపోవడం, మళ్లీ అంత దూరం నడవవలసి రావడం.

ఏబీ_స్విచ్

కెమెరా తీగ వెంట పైకి వెళ్లడం చాలా బాగుంది. మేము కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేర్పేదీ అదే, కింద పడ్డ కొస కాదు, పైన ఉన్న కొస చూడమని.

ఇంకొక ఘట్టం అడుగుతాను, కుదిరితే పెట్టండి. షాక్ కొట్టి తీగకు పట్టుకుపోయిన మనిషిని కాపాడబోయి, చేత్తో లాగి, రెండో మనిషి కూడా పోవడం మేము తరచుగా విన్నదే. అన్న కోసం తమ్ముడు, కొడుకు కోసం తండ్రి. మీ ఆటలో పంపు గది దగ్గర తాతయ్యకు అలా జరిగితే ఆ అమ్మాయి పరుగెత్తుకు వెళ్లి పట్టుకోవాలనిపించేలా తీయండి. పట్టుకుంటే ఇద్దరూ పోవాలి. ముందు మెయిను స్విచ్ లేక ఫ్యూజు తీయాలి. అది అందకపోతే పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో చేతిని తప్పించాలి, అదీ ఇంటి 230 వోల్టుల తీగ అయితేనే. హెచ్.టి. తీగ అయితే కర్ర కూడా పనికిరాదు, దూరంగా ఉండి కరెంటు ఆఫీసుకు 1912కు ఫోను చేయించాలి. సరఫరా తెగిన తరువాత ఊపిరి ఆడకపోతే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఆ లయను ఆటగాడు వేలితో తెర మీద నొక్కాలి. అక్కడ కావలసినంత చేతి నైపుణ్యం ఉంది, ఆటకు ఏ లోటూ రాదు.

ఉద్దానం_తోట

ఛాతీ నొక్కడం చివరి ఘట్టంగా పెట్టాలని ఇప్పుడే నిర్ణయించుకున్నాం. రెండు కంచెల లెవెల్, అంగ పొడవు లెక్క ముందు తయారు చేస్తాం, ఎందుకంటే మిగతావన్నీ వాటి మీదే నిలుస్తాయి. బాబాయి గారికి ఒక మనవి. ఏబీ స్విచ్ హ్యాండిల్ దించేటప్పుడు వచ్చే చప్పుడు, బ్లేడు పట్టేసినప్పుడు వచ్చే చప్పుడు మా దగ్గర లేవు, ఇంటర్నెట్టులో దొరికినవేవీ మన స్తంభాల మీదవి కావు. సరఫరా లేని పాత స్విచ్ ఎక్కడైనా ఉంటే, అధికారుల అనుమతి తీసుకుని రికార్డు చేసుకోవడానికి వీలవుతుందా?

ఏబీ_స్విచ్

వీలవుతుంది. మరమ్మతుకు దించిన పాత సెట్లు స్టోర్సులో నేల మీద ఉంటాయి, వాటికి లైనుతో సంబంధం ఉండదు. అనుమతి కోసం ఉత్తరం రాసి తెండి, అక్కడి ఇంజనీరు గారితో నేను మాట్లాడతాను. తుప్పు పట్టిన సెట్టునే అడుగుదాం, కొత్తదానికి ఆ కిర్రుమనే చప్పుడు రాదు.